కారు లాగట్లేదండీ!



పోయిన నెల ఈ కార్యక్రమం నడిపేవాళ్లు ఫోన్ చేసి, "టాక్సుల మీద అయింది, వీసాల మీద అయింది, పిల్లల తెలుగు మీద అయితే నాలుగుసార్లు అయింది, మీరు కార్ల గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ముందే చెప్పేస్తున్నాను, నేను మెకానిక్‌ని కాదు. చదివింది కంప్యూటర్స్‌లో మాస్టర్స్, చేసేది కన్సల్టింగ్. కంపెనీలవాళ్లు "మా సిస్టమ్ నెమ్మదిగా నడుస్తోంది, ఎందుకో చూడండి" అని పిలుస్తారు. వెళ్లి ఎక్కడ ఆగుతోందో వెతికిపెడతాను. కార్ల గురించి నాకు తెలిసినదంతా మా పాత కారు నేర్పిందే. అందులోనూ సగం, నేను చేసిన తప్పు పుణ్యమా అని నేర్చుకున్నది. ఆ కథే ఈ పూట చెబుతాను.

2023 జూన్‌లో ఒక శనివారం. డాలస్ ఎండలు మీకు తెలిసినవే. మా ఆవిడ మా అమ్మాయిని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్తోంది. నేను ఇంట్లో కూర్చుని ఆఫీసు పనేదో చేసుకుంటున్నాను. పదిన్నరకి ఫోన్. "ఏవండీ, కారు లాగట్లేదండీ. పక్కన ఆపేశాను." గొంతు వణుకుతోంది. 635 మీదకి ఎక్కే ర్యాంపులో ఎంత తొక్కినా నలభై మైళ్లు దాటలేదట. వెనకాల పెద్ద ట్రక్కు, హారన్ మోగిస్తూ మీదమీదకి వచ్చేసిందట. ఎలాగో షోల్డర్ మీదకి లాగి, హజార్డ్ లైట్లు వేసి కూర్చుంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "మమ్మీ, క్లాస్ లేట్ అవుతుందా?" అని అడగడం ఫోన్లో నాకూ వినపడింది.

ఆ రోజు టో ట్రక్కు మీద కారు వర్క్‌షాపుకి వెళ్లింది. వాళ్లు సాయంత్రం ఫోన్ చేసి "ట్రాన్స్‌మిషన్ పోయింది, 3,800 డాలర్లు అవుతుంది" అన్నారు. కారు 2011 మోడల్, లక్షా ముప్ఫై ఎనిమిది వేల మైళ్లు తిరిగింది. ఆ డబ్బుకి ఇంకో పాత కారే వస్తుంది. వాళ్లని పూర్తిగా తప్పు పట్టలేను కూడా. కారు అప్పగించేటప్పుడు "పికప్ లేదు, ట్రాన్స్‌మిషన్ అనుకుంటా" అన్నది నేనే! రోగి తనే రోగం పేరు చెప్పేస్తే డాక్టరుకి పని తేలికవుతుంది చూడండి, అలా అయింది.

సోమవారం సరే అని చెప్పేద్దామనుకుంటుండగా మా ఆవిడ అడిగింది. "ఏవండీ, ఎడమ పక్క సూది పైకి వెళ్లనే లేదని వాళ్లకి చెప్పారా?"

చెప్పలేదు. ఎందుకంటే నేను ఆమెని అడగలేదు.

డ్యాష్‌బోర్డు మీద రెండు సూదులుంటాయి కదా. ఒకటి వేగం చూపిస్తుంది, అది అందరం చూస్తాం, పోలీసుల భయంతోనైనా. రెండోది ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపిస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. "కారు లాగట్లేదు" అన్నప్పుడు మొట్టమొదట చూడవలసింది ఆ రెండో సూదినే. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ గోలగోలగా అరుస్తూ ఆ సూది నాలుగైదు వేలకి ఎగిరిపోయి, బండి మాత్రం కదలకపోతే అప్పుడు అనుమానం ట్రాన్స్‌మిషన్ మీదకి పోవాలి. ఇంజన్ చేసిన పని చక్రాల దాకా చేరట్లేదన్నమాట. అలా కాకుండా ఆ సూదే రెండువేల ఎనిమిది వందల దగ్గర మొరాయిస్తే గొడవ చాలావరకు ఇంజన్‌లోనే. మా ఆవిడ చెప్పింది రెండో రకం. ర్యాంపులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూడా ఆ సూది చూసింది ఆవిడ!

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. కొంతమంది పార్కింగ్‌లో గేరు న్యూట్రల్‌లో పెట్టి గట్టిగా తొక్కి, "చూశారా, నాలుగువేలు దాటట్లేదు, పాడైపోయింది" అంటారు. ఈ మధ్య ఆటోమేటిక్ కార్లు చాలావాటిలో బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఎక్కువ తిరగకుండా కంప్యూటరే అడ్డం పడుతుంది. అది జబ్బు కాదు. ఇంకోటి, నవ్వకండి. పెడల్ కింద మ్యాట్ మీద మ్యాట్ వేసుంటే పెడల్ కిందిదాకా వెళ్లదు. మనవాళ్లకి కొత్త మ్యాట్ మాయకుండా దాని మీద పాత మ్యాట్ వేసే అలవాటు ఉంది. పెడల్ దాని కింద ఇరుక్కుపోతే అది ప్రాణాపాయం కూడా. ఇంటికెళ్లి ఒకసారి చూసుకోండి.

సరే, నేను వర్క్‌షాపుకి ఫోన్ చేసి వద్దన్నాను. చూసినందుకు వాళ్ల ఫీజు కట్టి, కారుని చిన్న రోడ్ల మీద ఇరవై అయిదు మైళ్ల స్పీడులో ఇంటికి తెచ్చాను. అలా నడిస్తే ఏ బాధా లేదు! స్టార్టు బాగా అవుతుంది, సిగ్నల్ దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది. మా ఉద్యోగాల్లో ఇది రోజూ చూసే సంగతే. పదిమంది వాడితే సిస్టమ్ బంగారంలా ఉంటుంది, వెయ్యిమంది వస్తే కుప్పకూలుతుంది. అంటే ఎక్కడో దారి ఇరుకైందన్నమాట.

ఆ దారి ఎంత వెడల్పు ఉండాలో కూర్చుని లెక్క వేశాను. మాది 2.4 లీటర్ల ఇంజన్. నాలుగు సిలిండర్లూ ఒకసారి గాలి నింపుకోవాలంటే ఇంజన్ రెండు చుట్లు తిరగాలి. అంటే చుట్టుకి 1.2 లీటర్లు. ఆరువేల చుట్ల దగ్గర పూర్తిగా తొక్కితే లెక్క ప్రకారం నిమిషానికి 7,200 లీటర్ల గాలి. మన ఊళ్లో డాబాల మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఉంటాయి చూడండి, అలాంటివి ఏడు ట్యాంకులకి పైన గాలి ఒక్క నిమిషంలో లోపలికి వెళ్లి, మండి, బయటికి పోవాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇందులో పిసరంత చాలు. అందుకే జబ్బు అప్పుడు బయటపడదు.

మా అపార్ట్‌మెంట్లలో ఒక పెద్దాయన ఉండేవారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చారు. గుంటూరు డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అందరం బాబాయ్‌గారూ అనేవాళ్లం. ఇక్కడ పొద్దస్తమానం ఏమీ తోచక పార్కింగ్‌లో తిరిగేవారు పాపం. నేను బానెట్ ఎత్తి నిలబడటం చూసి, ఊళ్లో పెళ్లి పిలుపు అందినట్టు వచ్చేశారు.

"ఏంటబ్బాయ్, ఏమైంది బండికి?"

చెప్పాను. ఆయన క్షణం ఆలోచించకుండా "ఫిల్టర్ అడ్డం పడుంటుంది. నూనె అందట్లేదు" అన్నారు. డీజిల్ బస్సులు బాగుచేసిన చెయ్యి కదా, ముందు అదే తోస్తుంది. అది అన్యాయమైన అనుమానం కూడా కాదు. పెట్రోలు పంపు బలహీనపడితే లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. నెమ్మదిగా వెళ్తే బాగుంటుంది, గట్టిగా తొక్కితే ఆకలితో ఇంజన్ నీరసపడిపోతుంది. అది తేల్చడానికి నా దగ్గర ఒక పనిముట్టు ఉంది.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ స్టీరింగ్ కిందుగా పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉండి తీరాలి. ఓబీడీ టూ అంటారు. దానికి తగిలించే చిన్న స్కానరు ఇరవై, ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది, ఫోన్లో అంకెలు చూపిస్తుంది. మనవాళ్లు దాన్ని కోడ్ చదవడానికే వాడతారు. కోడ్ చూసి, ఇంటర్నెట్‌లో వెతికి, ఆ పేరున్న పార్టు కొనేస్తారు. కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. అసలు విషయం కదిలే అంకెల్లో ఉంటుంది.

నేను చూసిన అంకెలు రెండే. మొదటిది, ఇంజన్‌లోకి సెకనుకి ఎన్ని గ్రాముల గాలి పోతోందో చెప్పే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్. కొంచెం ఎత్తు రోడ్డు మీద పూర్తిగా తొక్కి, రెండువేల ఎనిమిది వందల దగ్గర నడిపాను. బాబాయ్‌గారు పక్కన కూర్చుని ఫోన్ చూస్తూ పైకి చదివారు. లెక్క ప్రకారం 55 గ్రాముల దాకా ఉండాలి. 30 దగ్గర ఆగిపోయింది. అంటే గాలి నిజంగానే సగం పోతోంది, లేదా సెన్సర్ అబద్ధం చెబుతోంది.

ఏది నిజమో రెండో అంకె చెబుతుంది. దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. గాలికి తగ్గ పెట్రోలు పడుతోందో లేదో ఎగ్జాస్టులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రుచి చూసి చెబుతుంది, కంప్యూటరు ఆ ప్రకారం పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. మన వంటింట్లో ఉప్పు సరిచూసుకున్నట్టే. ఎంత శాతం సరిచేస్తోందో అదే ట్రిమ్. గాలి సెన్సర్ మురికి పట్టి తక్కువ చూపిస్తున్నా, పంపు పెట్రోలు సరిగ్గా తోయలేకపోతున్నా, రెండు సందర్భాల్లోనూ పెట్రోలు చాలదు. అప్పుడు ట్రిమ్ ప్లస్ పది, పదిహేను, ఇరవై అలా పైకి పోతుంది. మా కారుని రెండున్నర వేల దగ్గర నిలకడగా పట్టుకుని చూస్తే ప్లస్ మూడు. నిక్షేపంగా ఉంది.

ఒక్క అంకెతో రెండు అనుమానాలు ఎగిరిపోయాయి. పంపు మార్చక్కర్లేదు, సెన్సర్ మార్చక్కర్లేదు. గాలి తక్కువే పోతోంది, దానికి తగ్గ పెట్రోలు సరిగ్గానే పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. ఇక లోపలికి పోయే దారిలో అడ్డం లేకపోతే, బయటికి వచ్చే దారి సంగతేమిటి?

ఈ మాట నేను అంటుండగానే బాబాయ్‌గారు వెనక్కి వెళ్లి, సైలెన్సర్ గొట్టం దగ్గర వంగి, అరచెయ్యి అడ్డం పెట్టారు. "తొక్కు" అన్నారు. తొక్కాను. "ఇంకా తొక్కు." తొక్కాను.

"బండి ఊపిరి వదలట్లేదబ్బాయ్" అన్నారు.

ఇంజన్‌కి గాలి కావాలి, పెట్రోలు కావాలి, నిప్పురవ్వ కావాలి, ఈ మూడూ ఎవరైనా చెబుతారు. పొగ బయటికి పోవాలన్నది అందరం మర్చిపోతాం. కట్టెల పొయ్యి మీద వండిన ఇళ్లలో పెరిగినవాళ్లకి తెలుసు. పొగగొట్టం మూసుకుపోతే ఎన్ని ఎండుపుల్లలు పెట్టి ఎంత ఊదినా మంట లేవదు, వంటావిడ కళ్లలో నీళ్లు తప్ప. పాత పొగ లోపలే ఉంటే కొత్త గాలికి చోటెక్కడిది?

చేత్తో చూసింది సాక్ష్యం కాదు కదా, కొలవాలి. ఇక్కడ పెద్ద ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు అరువు తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే మన డబ్బు మనకి వచ్చేస్తుంది. వాక్యూమ్ గేజి తెచ్చి ఇంజన్ ఇన్‌టేక్ గొట్టానికి తగిలించాం. బాగున్న ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఇది పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాలు చూపించాలి. మాది 18 చూపించింది. తర్వాత రెండున్నర వేల దగ్గర పట్టుకుని ఉంచాలి. తొక్కిన క్షణంలో సూది కాస్త పడి, మళ్లీ లేచి, దాదాపు మొదటి చోటికే వచ్చి నిలబడాలి. మాది లేవలేదు. పదహారు, పధ్నాలుగు, పన్నెండు... నిమిషంలో తొమ్మిదికి దిగిపోయింది. పొగ వెనకే పేరుకుపోతోందన్నమాట.

ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది. ఇంజన్ పక్కనున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి చూడటం. రెండున్నర వేల దగ్గర మూడు పి.ఎస్.ఐ. దాటకూడదు. మాది ఆరు దాటింది. ఈ పని చేస్తే బయట, ఆరుబయట చేయండి. గరాజ్ తలుపు వేసి ఇంజన్ తిప్పితే కార్బన్ మోనాక్సైడ్ రంగు లేకుండా, వాసన లేకుండా మనుషుల్ని తీసుకుపోతుంది. ఎగ్జాస్టు గొట్టాలు చర్మం ఊడేంత వేడిగా కూడా ఉంటాయి. ధైర్యం లేకపోతే ఈ ఒక్క పరీక్ష చేసిపెట్టమని మెకానిక్‌నే అడగండి, ఎక్కువ సేపు పట్టదు.

మూసుకుపోయింది కెటలిటిక్ కన్వర్టర్. పేరు పెద్దదే గానీ, అది ఇనప డబ్బాలో పెట్టిన పింగాణీ తేనెపట్టు లాంటిది. ఆ సన్నటి గదుల గోడలకి ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ పూత ఉంటుంది. పొగలోని విషవాయువుల్ని విరగ్గొట్టి పంపుతుంది. దొంగలు దాన్ని కార్ల కింద నుంచి కోసుకుపోయేది ఆ లోహాల కోసమే.

"సరే, దొరికింది, మార్చేయ్" అన్నారు బాబాయ్‌గారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటు ఉంది, "ఎందుకు" అని ఇంకొకసారి అడగడం. కన్వర్టర్ దానంతటది ఊరికే మూసుకుపోదు. దాన్ని ఎవరో చంపాలి.

ఎవరో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పాం. మూడోది నల్లగా, తడిగా ఉంది. దాని మీది కాయిల్‌కి పగులు ఉంది. ఆ సిలిండర్‌లో నిప్పు ఉండి ఉండి పడట్లేదు. నిప్పు పడనప్పుడు అందులోని పెట్రోలు ఏమవుతుంది? మండకుండా తిన్నగా కన్వర్టర్‌లోకి వెళ్లి, అప్పటికే వందల డిగ్రీల వేడిలో ఉన్నదాంట్లో మండుతుంది. తేనెపట్టు కరిగి ముద్దైపోతుంది.

దీనికి కారు ముందే హెచ్చరిక ఇస్తుంది. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోమని. మినుకుమినుకుమని ఆరుతూ వెలుగుతుంటే నిప్పు తప్పుతోందని, ఇలాగే నడిపితే కన్వర్టర్ పోతుందని. అప్పుడు కాలు తేలిక చేసి, జాగ్రత్తగా పక్కకి తీసుకోవాలి, బాగయ్యే దాకా నడపకూడదు. ఈ రెండిటికీ తేడా ఉందన్న సంగతి ఆ కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది.

మా ఆవిడ మార్చిలోనే చెప్పింది. "ఏవండీ, పసుపు లైటు కొట్టుకుంటోంది." నేను స్కానరు పెట్టాను. పి 0303 అని వచ్చింది. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని స్పష్టంగా, నంబరుతో సహా చెప్పింది కారు. నాకు ఆ వారం ప్రాజెక్టు గడువు. బటన్ నొక్కి కోడ్ చెరిపేశాను. లైటు ఆరిపోయింది. "సెన్సర్ గోల, ఏం కాదులే" అన్నాను. ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది, మళ్లీ చెరిపేశాను. మేలో మూడోసారి. ఆ తర్వాత ఆవిడ చెప్పడం మానేసింది. చెప్పినా ప్రయోజనం లేదనుకుంది. కోడ్ చెరిపేస్తే దానితో పాటు, తప్పు జరిగిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో కంప్యూటరు రాసిపెట్టుకున్న వివరాలు కూడా చెరిగిపోతాయి. నేను ఆధారాలు చెరిపేసి, జబ్బు నయమైందనుకున్నాను. ఆఫీసులో ఏ కుర్రాడైనా ఇదే పని చేస్తే నేను ఊరుకోను.

ట్రక్కు హారన్ మధ్య ఆ ర్యాంపులో వాళ్లిద్దర్నీ ఇరికించింది ట్రాన్స్‌మిషన్ కాదు, కన్వర్టర్ కూడా కాదు. నేను. ఆ రాత్రి మా ఆవిడకి ప్లగ్గు చూపించి జరిగింది చెప్పాను. ఆవిడ ప్లగ్గు వంక కాసేపు చూసి, "మూడుసార్లు చెప్పాను" అంది. అంతే. అంతకంటే ఏమైనా అనుంటే నాకు తేలికయ్యేది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. నాలుగు ప్లగ్గులు, ఒక కాయిల్, కన్వర్టర్, కూలీ అన్నీ కలిపి 1,460 డాలర్లయింది. ముందు కాయిల్, ప్లగ్గులు, ఆ తర్వాతే కన్వర్టర్. అలా కాకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. మీ కారు కొత్తదైతే ఒక మాట గుర్తుంచుకోండి. కెటలిటిక్ కన్వర్టర్‌కీ, ఇంజన్ కంప్యూటర్‌కీ ఫెడరల్ చట్టం ప్రకారం 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అంతదాకా వారంటీ ఉంటుంది. మామూలు వారంటీ అయిపోయిందని జేబులోంచి తీయకముందు అడగండి. మా కారుకి రెండూ దాటిపోయాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో ఉన్నవాళ్లు బయటి కంపెనీ కన్వర్టర్ కొంటే కాలిఫోర్నియా ఆమోదం ఉన్నదే కొనాలి, ధర ఎక్కువే. "లోపలిది పీకేసి ఖాళీ గొట్టం పెట్టేస్తాం, యాభై డాలర్లు" అనేవాళ్లు తగులుతారు. అది చట్టవిరుద్ధం, టెస్టు ఉన్న కౌంటీల్లో టెస్టు కూడా పాసవదు. మూసుకుపోయిందని తెలిశాక ఇంకో నెల చూద్దాంలే అని నడపకండి కూడా. ఆ డబ్బా ఎర్రగా కాలుతుంది. ఎండుగడ్డి మీద ఆపితే అంటుకుంటుంది.

ఎలక్ట్రిక్ కార్లు కొనుక్కున్నవాళ్లు ఇదంతా విని నవ్వుకుంటూ ఉంటారు, నవ్వుకోండి. మీ బ్యాటరీ కథలు ఇంకోరోజు వింటాను.

కారు తయారయ్యాక శనివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, అదే ర్యాంపుకి వెళ్లాం. నేను నడుపుతానన్నాను. "అక్కర్లేదు" అని మా ఆవిడే కూర్చుంది. నేను పక్క సీట్లో, బాబాయ్‌గారు వెనక. ఆయనకి పది రోజుల్లో తిరుగు ప్రయాణం, టెస్టు డ్రైవు చూడకుండా వెళ్లనన్నారు. ర్యాంపు మలుపు తిరగ్గానే ఆవిడ పెడల్ నేలకి ఆనేదాకా తొక్కింది. మూడువేలు, నాలుగు, అయిదువేల రెండువందలు. అరవై అయిదు దగ్గర హైవే మీదకి కలిసిపోయాం. వెనకనుంచి బాబాయ్‌గారు "చాలమ్మా చాలు, ఇది గుంటూరు బస్సు కాదు" అన్నారు.

ఆ స్కానరు ఇప్పుడు నా దగ్గర లేదు. మా ఆవిడ కారు గ్లవ్ బాక్సులో ఉంటుంది. కోడ్ వస్తే నాకు నంబరు చెబుతుంది, చెరిపే బటన్ మాత్రం నన్ను నొక్కనివ్వదు.

ఉంటానండీ. నమస్కారం.